అందరి ఫోటోలూ ఒకటే సైజు

మా ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి అన్నం పెట్టేది, ఇంకోటి ఆడుకునేది. అన్నం పెట్టేదాన్ని పిల్లలు ముట్టుకోకూడదు. ఇది నేను పెట్టిన రూలు. ఈ ఒక్క రూలు మీద నేను పడినన్ని మాటలు మా తండాలో ఏ కోడలూ పడి ఉండదు.

"కంప్యూటర్‌కు గూడ అంటూ ముట్టూ ఏందే?" అనేది మా అత్త జమ్లి. "పోరడు జరసేపు ఆడుకుంటే అరిగిపోతదా?"

"అరిగిపోదు అత్తా, కూడు పోతది" అనేదాన్ని.

ఆమె మూతి తిప్పుకుని బయటికి పోయేది. బయట మా బావ రామ్‌సింగ్ మంచం మీద కూర్చుని నవ్వేవాడు. మా ఆయన కోటేష్‌కు సొంత అన్న. రెండిళ్ళకూ ఒకటే వాకిలి. బావను "అన్నాడు", "నవ్వాడు" అనే రాస్తున్నాను. ఆ మనిషికి మర్యాద ఇవ్వడం మానేశాను, ఇప్పుడు ఏన్కూరులో కిరాయి గదిలో కూర్చుని రాసేటప్పుడు కొత్తగా ఇవ్వలేను.

నాది ఫ్లెక్సీలు డిజైన్ చేసే పని. మా దగ్గర పుట్టినరోజైనా, పెళ్ళైనా, చావైనా ముందు ఫ్లెక్సీ లేవాలి. నేను ఇంట్లో తయారుచేసి వైరాలో ప్రెస్సుకు పంపితే, అక్కడ గోపాలు ప్రింటు తీసి, చుట్ట చుట్టి సాయంత్రం బస్సులో వేసేవాడు. చూసేవాళ్ళు రంగులు చూస్తారు గానీ అసలు పని రంగుల్లో లేదు. ఎవరి ఫోటో ముందు, ఎవరిది వెనక, ఎవరిది వేలెడు పెద్దగా ఉంది, అక్కడుంటుంది ప్రాణం. తమ్ముడి ఫోటో అన్న ఫోటో కంటే పైన పడిందని మాటలు మానేసిన ఇళ్ళున్నాయి మా పంచాయతీలో. అందుకని ఏ తండాకు ఫ్లెక్సీ చేసినా ముందు ఆ తండాలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి వరస కనుక్కునేదాన్ని. ఐదు తండాలు, ఒక కోయగూడెం కలిసిన పంచాయతీ మాది. పని అందరిదీ ఒకటే అయినా ఒక్కో తండాకు ఒక్కో ఫ్లెక్సీ చేసేదాన్ని, ఆ తండా పెద్దమనిషి ఫోటో ముందు పెట్టి. ఇది ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. సరిగ్గా ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

మొన్న చలికాలంలో సర్పంచ్ ఎలక్షన్లు వచ్చాయి. కత్తెర గుర్తు మీద మా బావ నిలబడ్డాడు. ఉంగరం గుర్తు మీద పాత తండా రూప్‌సింగ్. రూప్‌సింగ్‌కు అరవై దాటాయి. దసరా ముందే ఖమ్మం పోయి గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చాడు. మనిషి మాత్రం గట్టిగానే ఉన్నాడు, పత్తి చేనుకు సైకిలు మీదే పోతున్నాడు. ఇద్దరి ఫ్లెక్సీలూ నా దగ్గరికే వచ్చాయి.

బావకు అది నచ్చలేదు.

"ఇంటి కోడలివై ఎదుటోనికి పని చేస్తవా?"

"పని పనే బావా. మీది ఊరికే చేస్తున్న. ఆయన పైసలిచ్చి చేపిచ్చుకుంటుండు."

"పైసలా? సర్పంచ్ మరదలైనంక నీ పైసలు ఎవనికి గావాలె?"

"అయినంక చూద్దాం బావా" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. అత్త లోపలి నుంచి, "దీనికి నోరెక్కువైంది" అంది. నోరెక్కువే. ఆ నోటితోనే తింటున్నాం కదా నలుగురం.

నామినేషన్లు నడుస్తుండగానే వోల్టేజీ ఎక్కువై పిల్లల కంప్యూటర్ కాలిపోయింది. మా జగ్గుకు, అంటే నా కొడుకు జగదీష్‌కు, లోకం ఆగిపోయినట్టైంది. రెండో తరగతి చదువుతున్నాడు. బడి నుంచి రాగానే వాడికి ఒకటే ఆట. బొమ్మల మొహాలకు మీసాలు, టోపీలు, కళ్ళద్దాలు తగిలించడం. అది లేక ఇల్లంతా ఏడ్చుకుంటూ తిరిగాడు. కోటేష్ ఆటో దిగి వచ్చి, "నీ దాంట్లనే ఆడుకోనియ్ రాదే, ఏం పోతది?" అని కసిరాడు.

నేను నా రూలు పూర్తిగా వదల్లేదు. అదే కంప్యూటర్‌లో జగ్గు పేరుతో వేరే తలుపు పెట్టాను. వాడి తలుపు తీస్తే వాడి ఆటలే కనిపిస్తాయి. నా తలుపు తీస్తే నా పనే. నాదానికి తాళం ఉంది, దాని పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. కుర్చీలోంచి లేచానంటే తాళం వేసే లేస్తాను, నీళ్ళు తాగడానికి లేచినా సరే. జగ్గు కూడా నేర్చుకున్నాడు. "అమ్మా, నా తలుపు తియ్యవా" అని అడిగేవాడు.

ఒక్క సాయంత్రం మాత్రం తాళం వెయ్యలేదు.

ఆ సాయంత్రం రూప్‌సింగ్ ర్యాలీ ఫ్లెక్సీ పూర్తయింది. ఒకసారి పైనుంచి కింది దాకా చూసుకున్నాను, బాగుంది. అప్పుడే బావ తన ఫోన్ పట్టుకుని, తన ఫోటోలు చూపిస్తానని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. జగ్గు గుమ్మంలో నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది, అత్త కేక వేసింది.

"పో, బియ్యం చూస్కో. నేను కూసున్న గద" అన్నాడు బావ.

ఇంటికి పెద్దవాడు. కళ్ళ ముందు కూర్చున్నాడు. ఆయన ఎదురుగా తాళం వేస్తే నువ్వు దొంగవి అన్నట్టే. మా దగ్గర కోడలు బావ ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోదు, అలాంటిది మొహం మీద తాళం ఎట్లా వేస్తుంది? వెయ్యకుండా లేచిపోయాను.

మాడిన గిన్నె దించి, మళ్ళీ ఎసరు పెట్టి వచ్చేసరికి బావ లేడు. జగ్గు వాకిట్లో చాక్లెట్ తింటున్నాడు. ఫోన్ మోగుతోంది, ప్రెస్సు నుంచి గోపాలు.

"అక్కా, జల్దీ పంపు. లైన్ల మస్తు పనులున్నయ్. నీదే ఆగింది."

నేను ముందే చూసుకున్న పనే. మళ్ళీ చూడలేదు. పంపేశాను. గోపాలు కూడా చూడలేదు. ఎలక్షన్ల రోజుల్లో ప్రెస్సులో వచ్చింది వచ్చినట్టు ప్రింటు తీసి పడెయ్యడమే గానీ, ఎవరి మొహం ఎవరు చూస్తారు? బస్సు ఆలస్యంగా వచ్చింది. పాత తండా కుర్రాళ్ళు చీకట్లోనే కట్టేసి పడుకున్నారు.

తెల్లవారి పాత తండా మొత్తం చూసింది. "మీ అమూల్యమైన ఓటు ఉంగరం గుర్తుకే" అన్న అక్షరాల పైన రూప్‌సింగ్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. మెడలో దండ కాదు. ఫోటో చుట్టూ దండ. చావు ఫ్లెక్సీల్లో నేను వేసే గులాబీల దండ. ఫోటోకు అటొకటి ఇటొకటి దీపాలు.

రూప్‌సింగ్ భార్య లాలి ఆ ఫ్లెక్సీని చింపుకుని, దాన్ని ఈడ్చుకుంటూ మా తండా దాకా నడిచి వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. వెనకాల సగం పాత తండా.

"నా మొగడు బతికుండంగనే దండేస్తవానే? నా గాజులు నీకేం అడ్డమొచ్చినయే? నీ చేతులు పడిపోను!"

నేను ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. నా దండే, నా దీపాలే. "నేను ఎయ్యలేదు లాలక్కా" అన్నాను. అన్నకొద్దీ అబద్ధంలాగే వినిపించింది. లాలి రెండు గుప్పిళ్ళు మట్టి తీసి నా గుమ్మంలో పోసి పోయింది.

అప్పుడు మా బావ లేచాడు, ఇంటి పరువు కాపాడేవాడిలాగా.

"ఇంకెవ్వడు ఏస్తడు? మన పోరడే. బొమ్మలకు టోపీలు పెట్టే ఆట ఆడుతడు గద దాంట్ల."

అంతే. కోటేష్ ఇంకో మాట అడగలేదు. బెల్టు తీశాడు. జగ్గు "నాయినా, నాయినా" అంటూ వాకిలంతా తిరిగాడు. నేను అడ్డం పోతే నాకూ ఒకటి తగిలింది. అందరూ చూశారు. బావ గుంజకు ఆనుకుని నిలబడి చూశాడు, కావలసినంత సేపు చూసి, అప్పుడు, "చాలు తియ్ తమ్మీ, చిన్న పోరడు" అన్నాడు.

దెబ్బకు దెబ్బ లెక్క పెట్టుకునే రకాన్ని నేను. ఆ "చాలు తియ్" ఒక్కటి మాత్రం ఏ లెక్కలోకీ పట్టలేదు.

ఆ తర్వాత నాకు పని రాలేదు. ఇచ్చినవాళ్ళూ వెనక్కి తీసుకున్నారు. పెళ్ళి ఫ్లెక్సీకి దండలు వేస్తే, దీపాలు పెడితే ఎవరు ఊరుకుంటారు? "దాని కంప్యూటర్ల పిల్లలు ఆడుతరంట" అన్న మాట అడవి అవతలి తండాల దాకా పోయింది. ఏ మాట నా మీద రాకూడదని అన్నేళ్ళు రూలు పెట్టుకుని ఇంట్లో తిట్లు తిన్నానో, సరిగ్గా ఆ మాటే. ఇక రూప్‌సింగ్ సంగతి. ఆయన కనబడితే జనం జాలిగా చూడడం మొదలుపెట్టారు. "పాపం, ఐదేండ్లు ఉంటడో లేడో. ఓటేసి ఏం లాభం?" అన్నారు. బడిలో పిల్లలు నా కొడుక్కి "దండల జగ్గు" అని పేరు పెట్టారు.

జగ్గు మాట్లాడడం తగ్గించాడు. కంప్యూటర్ గదిలోకి అడుగు పెట్టడం మానేశాడు. ఒక ఆదివారం బోరింగు దగ్గర స్నానం చేయిస్తున్నాను. వీపు మీద చారలు నల్లబడ్డాయి. చెయ్యి పెడితే వణికాడు.

"ఎందుకేసినవ్ బేటా దండ?" అని అడిగాను. కోపంగా కాదు, ఊరికే.

"గెలిచినవ్ అన్నడు గద" అన్నాడు.

"ఎవరు?"

"పెదనాయిన. ఇది కొత్త ఆట, మీ అమ్మ అందరికి దండేస్తది గద, నువ్వు ఏస్తవా, నీకొస్తదా అన్నడు. నాకొచ్చు అన్న. ఏసిన. దీపాలు గూడ పెట్టిన, అమ్మ రెండు పెడ్తది గద. గెలిచినవ్ రా అని చాక్లెట్ ఇచ్చిండు." మళ్ళీ వాడే, "అమ్మకు చెప్తే ఆట ఓడిపోయినట్టే అన్నడు" అన్నాడు.

నేను వాడి నెత్తిన నీళ్ళు పోశాను. సబ్బు కళ్ళల్లోకి పోకుండా చెయ్యి అడ్డం పెట్టాను. తువ్వాలుతో తుడిచి, బట్టలు వేసి, అన్నం పెట్టాను. చేతులు వాటంతటవే పని చేశాయి. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, నేను పడతాను అనుకున్నాను.

ముందు కోటేష్‌కు చెప్పాను. ఆ అవకాశం ఆయనకు ఇవ్వాలి కదా.

"అన్న గట్ల చెయ్యడు" అన్నాడు. "కొడ్తరని భయపడి పోరడు చెప్తుండు."

"కొట్టుడు అయిపోయింది గద. ఇగ భయమేంది?"

"చూడు సరళా, ఎలక్షన్ అయ్యేదాక నోరు మూస్కో. ఇంట్ల సర్పంచ్ పదవి ఉంటే రేపు మనకే మంచిది."

సరే అన్నాను. నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం అంటే చేతులు ముడుచుకోవడం కాదని ఆయనకు తెలియలేదు.

నాకు కావలసింది ఒక్కటే. నా కొడుకు తప్పు లేదన్న మాట అందరి ముందు రావాలి. అది నేను చెబితే తల్లి ప్రేమ అంటారు, జగ్గు చెబితే అబద్ధం అంటారు. ఆ మాట చేయించినవాడి నోటి నుంచే రావాలి. రానిస్తాడా? గెలిస్తే జన్మలో రానివ్వడు. ఓడిపోవాలి. మా బావ ఓడిపోతే ఊరుకునే మనిషి కాదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

పోలింగు దగ్గర పడుతుండగా ఆఖరి ఫ్లెక్సీల కోసం ఆయనే వచ్చాడు. నాకు వేరే పని లేదని, ఉన్నా ఇవ్వడానికి ఎవరూ రారని ఆయనకు తెలుసు. కుర్చీలో దర్జాగా వాలి, "చూసినవా? ఆఖరికి ఇంటోళ్ళకు ఇంటోళ్ళే" అన్నాడు.

"అవ్ బావా" అన్నాను. "ఫోటోలు ఎవరెవరివి పెట్టాలె?"

"అందరియి పెట్టు. ఐదు తండాల పెద్దమనుషులు, గూడెం పటేలు, యూత్ పోరగాండ్లు, ఎవ్వర్ని ఇడ్సిపెట్టకు."

"ఒక్కో తండాకు ఒక్కోటి చెయ్యన్నా, అందరికి కలిపి ఒకటే చెయ్యన్నా?"

అడిగాను. నా మీద ఒట్టు, అడిగాను. ఆయన ఏం చెబుతాడో తెలిసే అడిగాను.

"ఒకటే చెయ్. గన్ని రకాలెందుకు, ఖర్చు దండగ. నా ఫోటో మాత్రం పెద్దగుండాలె."

ఆ పూట నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. వరస కనుక్కోలేదు. బావ ఫోటో సగం ఫ్లెక్సీ అంత పెట్టాను, రంగు తేల్చి, గడ్డం కింద ముడతలు తీసేసి, పదేళ్ళు తగ్గించాను. కింద అందరి ఫోటోలూ ఒకటే సైజు. బడిలో హాజరు పిలిచినట్టు పేర్ల అక్షరాల వరసలో పెట్టాను. అంతకంటే న్యాయం ఎక్కడుంటుంది? ఆ న్యాయంలో చీమలగుట్ట తండా పెద్దమనిషి, పిల్లనిచ్చిన మామ, ఆఖరి వరసలోకి పోయి, ఆయన అల్లుడు మొదటి వరసలోకి వచ్చాడు. గూడెం పటేలు ఇద్దరు మీసాలు రాని కుర్రాళ్ళ మధ్య ఇరుక్కున్నాడు. చేను గట్టు మీద కోర్టుకెక్కిన ఇద్దరు పెద్దమనుషులు భుజం భుజం రాసుకుని నవ్వుతున్నారు. మా సొంత తండా నాయక్ తాత, ఊళ్ళో ఏ పంచాయితీ అయినా ఆయన మాటే ఆఖరు, పటేలు ఇంట్లో గొర్లు కాసే పిల్లవాడి కింద పడ్డాడు.

పంపించి, "చూసి ఓకే అనున్రి బావా" అని మెసేజ్ పెట్టాను. ఫోన్‌లో చిన్నగా కనబడేది ఆయనకు ఆయన మొహం ఒక్కటే. వెంటనే జవాబు వచ్చింది. "ఓకే. సూపర్."

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున చీమలగుట్టలో మామ తన ఇంటి గోడ మీద కట్టిన ఫ్లెక్సీని తనే విప్పేశాడు. "అల్లుని కాళ్ళ కాడ కూసోవెట్టిండు నన్ను" అన్నాడు. అల్లుడు ఊరుకోకుండా, "నాకున్న ఇలువ నాకిచ్చిండు, నీకేం నొప్పి?" అన్నాడట. అంతే, కూతురు పుట్టింటికి వచ్చేసింది. గూడెంలో పటేలైతే ఫ్లెక్సీని ఎడ్ల కొట్టం మీద కప్పించాడు. బావ బండేసుకుని తండా తండా తిరిగాడు. "కంప్యూటర్ల గట్ల వచ్చింది" అన్నాడు. "మరి నీ బొమ్మ గంత పెద్దగ ఎట్లొచ్చింది?" అని అడిగారు. కొత్తవి కొట్టించే టైము లేదు.

ఆ రోజుల్లోనే బస్సు దగ్గర రూప్‌సింగ్ ఎదురుపడ్డాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను కూడా పలకరించలేదు. ఆయన గెలవాలని నేను చేసింది కాదు. ఆయనకూ నాకూ ఏ మంచీ లేదు.

కౌంటింగు రోజు మా వాకిట్లో డప్పులు తెచ్చి పెట్టుకున్నారు. బిర్యానీ డేగిషా పొయ్యి మీదికి ఎక్కింది. చీకటి పడుతుండగా పాత తండా వైపు టపాసులు పేలాయి. తేడా పది ఓట్లు కూడా లేదు. డప్పులవాళ్ళు లేచి, డబ్బులు అడగకుండానే పాత తండా వైపు నడిచారు. అత్త గుండెలు బాదుకుంది. నేను జగ్గుకు బిర్యానీ వడ్డించాను, నల్లిబొక్క ఉన్న ముక్క ఏరి మరీ పెట్టాను.

బావ రెండు రోజులు కోటేష్‌కు తప్ప ఎవరికీ తలుపు తీయలేదు; జగ్గు నాకు చెప్పిన సంగతి ఆయన అప్పుడే అన్న చెవిన వేసి ఉంటాడు. మూడో రోజు తీసి నేరుగా నాయక్ తాత దగ్గరికి పోయి పంచాయితీ పెట్టమన్నాడు. నా మీద.

నాయక్ తాత ఇంటి ముందు మంచాలు వేశారు. ఐదు తండాల పెద్దమనుషులూ వచ్చారు. గెలిచిన సర్పంచ్ అని రూప్‌సింగ్‌నూ పిలిచారు, ఆయనతో లాలి కూడా వచ్చింది. ఆడవాళ్ళ వైపు నేను జగ్గును పక్కన పెట్టుకుని కింద కూర్చున్నాను. కోటేష్ మగవాళ్ళ వైపు, అన్న వెనక కూర్చున్నాడు. బావ ఫ్లెక్సీ తెచ్చి నేల మీద పరిచాడు.

"ఇగో చూడున్రి. ఇది కావాల్నని చేసింది. నన్ను ఓడగొట్టనీకే చేసింది. దీనికి తండాల జాగా ఉండొద్దు."

నాయక్ తాత ఫ్లెక్సీలో తన ఫోటో ఉన్న చోటు చూసి, కళ్ళు తిప్పుకుని, నా వైపు చూశాడు.

"ఏమ్మా?"

"ఒకటే చెయ్యమన్నరు తాతా, చేసిన. ఓకే అన్నంకనే ప్రింటుకు పోయింది" అని ఫోన్ తీసి, ఆ మెసేజ్ చదవమని ఒక కుర్రాడికి ఇచ్చాను. వాడు గట్టిగా చదివాడు. "ఓకే. సూపర్." ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఓకే అనుడు కాదు!" బావ అరిచాడు. "దీనికి ఎరికలేదా ఎవరి ఫోటో యాడుండాలెనో? పుట్టినకాడికెల్లి గదే పని! ఎరికుండే చేసింది!"

"ఎందుకు చేస్తది?" అన్నాడు నాయక్ తాత. నెమ్మదిగానే అన్నాడు. "నీ తమ్ముని పెండ్లాం. నువ్వు సర్పంచ్‌వైతే దాని ఇంటికే పేరు. నిన్ను ఓడగొడ్తె దానికేమొస్తది?"

"పైసలొస్తయ్! రూప్‌సింగ్ పైసలిచ్చిండు!"

రూప్‌సింగ్ నవ్వాడు.

"నా మొకానికి దండేసినామెకు నేను పైసలిస్తనారా? జర తెలివుండి మాట్లాడు."

జనం కూడా నవ్వారు. బావ మొహం కందగడ్డ అయింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడితే మొత్తం చెడుతుందని నాకు తెలుసు. జగ్గు వేళ్ళు నా కొంగును పట్టుకుని ఉన్నాయి.

"పైసలు గాకుంటే ఏంది మరి?" అన్నాడు చీమలగుట్ట మామ. ఫ్లెక్సీ మీద కోపం ఇంకా చల్లారలేదు ఆయనకు. "ఊకెనే చేస్తదా? నువ్వు చెయ్యమంటెనే చేసింది. నీకే కండ్లు నెత్తికెక్కినయ్. తప్పు నువ్వు చేసి ఆడిదాని మీద ఏస్తున్నవ్."

"నేను చెయ్యలే!"

"మరి దానికి నీ మీద పగేంది? చెప్పు. పగ లేంది ఎవరన్న చేస్తరా?"

"ఉన్నది పగ! ఎందుకు లేదు? ఆ దండ పోరనితోని నేను ఏపిచ్చిన్నని పగబట్టింది ఇది!"

మాట నోరు దాటాక ఆయనకు తెలిసింది. అటూ ఇటూ చూశాడు. ఇంకేదో చెప్పబోయాడు. తేలు కుట్టిన దొంగ అంటారు కదా, అట్లా నిలబడ్డాడు.

"ఏమన్నవ్?" అన్నాడు నాయక్ తాత. "మళ్ళ చెప్పు."

మళ్ళీ చెప్పాల్సిన అవసరం లేదు, ఐదు తండాలూ విన్నాయి. లాలి లేచింది. నా దగ్గరికి వస్తుందేమో, ఏదైనా అంటుందేమో అనుకున్నాను. రాలేదు. తిన్నగా బావ ముందుకు పోయి, ఆయన కాళ్ళ దగ్గర కాండ్రించి ఉమ్మి, వచ్చి తన చోట కూర్చుంది. మా అత్త కొంగు మొహం మీదికి లాక్కుంది.

దాచడమెందుకు, నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒళ్ళంతా చల్లబడింది. ఆ మనిషిని అట్లా తల దించుకుని ఎంతసేపు నిలబెట్టినా నాకు చాలదనిపించింది. "విన్నవా బేటా?" అని జగ్గు చెవిలో అన్నాను. "నీ తప్పు లేదని అందరు విన్నరు." వాడు తల ఊపాడు.

అప్పుడు కోటేష్ లేచాడు.

మగవాళ్ళను దాటుకుని, ఫ్లెక్సీ మీదుగా నడిచి మా దగ్గరికి వచ్చాడు. మొహం చూడలేనట్టుగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, "జగ్గూ" అన్నాడు. వాడి చెంప నిమరాలని చెయ్యి చాచాడు.

జగ్గు రెండు చేతులూ తల మీదికి ఎత్తి, ముడుచుకుని, కింది వైపు వంగిపోయాడు. అంతమంది చూస్తుండగా.

కోటేష్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇగ ఎన్నడు కొట్ట బేటా" అన్నాడు. "నేను కొట్ట."

జగ్గు చేతులు దించలేదు.